వంతు పార

శాసనసభ్యుడు అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప అయింది. రెండో చెంపకి నురగ పూస్తుండగా సహాయకుడు లోపలికి వచ్చాడు.

"మీ బావగారట. వరండాలో ఉన్నారు. ఏం చెప్పమంటారు?"

"లేనని చెప్పు."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చేసిందో చూసుకుని అతనికే సిగ్గేసింది. వచ్చినవాడు పరాయివాడా? అక్క మొగుడు, పక్క పొలం మనిషి. ఇరవయ్యేళ్ళు ఒకే కాలువ నీళ్ళు పంచుకున్నారు.

ఆ కాలువ కింద ఒక పద్ధతి ఉండేది. నీటి వంతు ఎవరిదైతే వాళ్ళ పార గట్టు మీద గుచ్చి ఉండాలి. అది అక్కడ నిలబడి ఉన్నంతసేపూ ఇంకెవరూ తమ మడికి నీళ్ళు మళ్ళించుకోరు. ఏనాడూ వంతు తప్పనివాడని పేరుండబట్టే నలుగురూ కూడి అతన్ని సభకి పంపారు. బయల్దేరే రోజున తన పార బావ చేతిలో పెట్టాడు.

"నా వంతు నువ్వు చూసుకో బావా. నీళ్ళ సంగతి అక్కడ నేను చూసుకుంటా."

బాగానే చూసుకున్నాడు. మొన్న వేసవిలో సభలో ఒక బిల్లు పెట్టారు. నలభై పేజీలు. సగం మాటలు కొరుకుడు పడలేదు. పక్కవాణ్ణి అడిగితే పొలం వాసన ఇంకా పోలేదని నవ్వుతాడేమోనని నోరు మెదపలేదు. అందరూ చెయ్యెత్తారు, తనూ ఎత్తాడు. ఆ బిల్లుతోనే కాలువ నీళ్ళు ఎగువనున్న ఫ్యాక్టరీకి పోయాయని పేపర్లో చూశాకే తెలిసింది.

వరండాలో సహాయకుడి గొంతు వినబడింది. "ఊళ్ళో లేరండి. ఎల్లుండి వస్తారు."

లోపల అతను కిటికీ తెర కాస్త తప్పించి చూశాడు. బావ గుమ్మం వైపే చూస్తున్నాడు. అక్కడ తన చెప్పులున్నాయి. ఎన్ని తివాచీలు పరిచినా చెప్పులతో ఇంట్లో తిరగడం అతనికి అలవాటు కాలేదు. కుడి మడమ ఓరగా అరిగిన ఆ చెప్పులు ఎవరివో బావకి ఒకరు చెప్పాలా?

బావ మెల్లగా వంగాడు. బోర్లాపడిన చెప్పుని తిప్పి, రెండూ జతగా పెట్టాడు.

"వచ్చాక చెప్పు నాయనా. కాలువ ఎండింది, ఇక వంతులు లేవు. ఆయన పార ఆయనకిచ్చి పోదామని వచ్చాను."

బుద్ధెరిగినప్పటినుంచీ బావ నోట తను 'వాడే'. 'ఆయన' కావడం ఇవాళే. ఆ మర్యాద చెంప మీద కొట్టినట్టయింది.

తలుపు దాటితే నాలుగడుగులు. వెళ్ళి కాళ్ళమీద పడొచ్చు. చదవకుండా చెయ్యెత్తానని చెప్పొచ్చు. తిట్టినా బావే కదా తిట్టేది. కానీ గొళ్ళెం మీద పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది, చెంప మీద నురగ ఎండిపోయింది. గేటు చప్పుడైంది. అప్పుడు తలుపు తీశాడు.

గోడకి చేర్చి ఉంది పార. అతని పట్టుకి అరిగిన చోటు కర్ర మీద నున్నగా మెరుస్తోంది. కాలువలో చుక్క లేకపోయినా, ఎక్కడి నీళ్ళు తెచ్చాడో గానీ, రేకుకి మట్టన్నది లేకుండా కడిగి తెచ్చాడు బావ.