ఐదో గదిలో మగ్గం

ఆదివారం పొద్దున్న సోషల్ టీచరు వంటింట్లో కూర్చుని బంగాళాదుంపల తొక్క తీస్తోంది. పక్కనే స్టూలు మీద, ఎగిరిపోకుండా పప్పు డబ్బా మూత బరువు పెట్టిన ఉత్తరం ఒకటి ఉంది. నిన్న సాయంత్రం హెడ్‌మాస్టారు ఆమె చేతిలో పెట్టి, "ఇదేంటో చూడండమ్మా, మన కొంప ముంచేలా ఉంది" అన్న ఉత్తరం. తడి తగలకుండా మోచేత్తో జరుపుకుంటూ అప్పటికి నాలుగోసారి చదువుతోంది.

"ఎన్నిసార్లు చదివినా అందులో అక్షరాలు మారవు. దుంపలు మాత్రం నల్లబడతాయి" అన్నాడు భర్త, హాల్లో పేపరు వెనకనుంచి.

నిజమే, అక్షరాలు మారలేదు. పిల్లల్ని మ్యూజియంకు తీసుకెళ్ళడానికి ఏటా డబ్బిచ్చే ట్రస్టు రాసిన ఉత్తరం అది. "గత సంవత్సరం మీరు పంపిన నివేదికలో, పిల్లలు ఐదో గదిలోని చెక్క మగ్గం చుట్టూ చేరి కళ్ళప్పగించి చూశారని ఉంది. ఆ మగ్గాన్ని మీరు వెళ్ళడానికి ఎనిమిది నెలల ముందే మరమ్మతుకు తీసుకెళ్ళారు. ఆ మరమ్మతుకు డబ్బిచ్చింది మా ట్రస్టే. పిల్లలు నిజంగా మ్యూజియంకు వెళ్ళారా? వెళితే, మా నిబంధన ప్రకారం పాఠం చెప్పే టీచరు గదుల్లో వాళ్ళ వెంట ఉన్నారా? పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వగలరు. అంతవరకు ఈ సంవత్సరపు దరఖాస్తును పక్కన పెడుతున్నాం."

ఆ మగ్గం వాక్యం రాసింది తనే. నివేదిక మొత్తంలో తనకు బాగా నచ్చిన వాక్యం కూడా అదే.

అసలా ట్రస్టును వెతికి పట్టుకున్నదీ తనే. ఆరేళ్ళ కిందట ఏడో తరగతికి పాత నగరాల పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచి, "ఇవన్నీ నిజంగా ఉన్నాయా టీచర్, పుస్తకంలోనేనా?" అని అడిగింది. ఆ మాట ఆమెను వదల్లేదు. బడి దగ్గర డబ్బు లేదు, ఫీజు పేరు చెబితే సగం మంది పిల్లలు ఆగిపోతారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా అని అడగడం మొదలుపెట్టింది. బ్యాంకుకు రాసింది, దుకాణదారుల సంఘానికి రాసింది, సిమెంటు కంపెనీ వాళ్ళ ఆఫీసు గుమ్మంలో రెండు పూటలు నిలబడింది. కొందరు ఇప్పుడు కాదన్నారు, కొందరు బోర్డు మీద తమ పేరు ఎంత పెద్దగా వేస్తారని అడిగారు. చివరికి పేపర్లో ఒక మూల చిన్న ప్రకటన చూసి ఈ ట్రస్టుకు రాస్తే పన్నెండు పేజీల ఫారం వచ్చింది. అది నింపడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. కుక్కరు కూతలు లెక్కపెట్టుకుంటూ 'ఈ యాత్ర వల్ల కలిగే ప్రయోజనాలు' రాసింది. డబ్బు మంజూరైన రోజున హెడ్‌మాస్టారు అసెంబ్లీలో, "నా కృషి ఫలించింది" అన్నారు. సొమ్మొకడిది సోకొకడిది అని పక్కనున్న లెక్కల టీచరు గొణిగితే, పోనీలే, పిల్లలు చూస్తారు కదా అంది తను.

పిల్లలు చూశారు. ఆరేళ్ళలో ఆరుసార్లు వెళ్ళి చూశారు. చూడనిది తనొక్కతే.

ఈ సంగతి ఎవరికీ తెలియదని కాదు. అందరికీ తెలుసు, ఎవరికీ అది ఒక సంగతిగా తోచలేదు, అంతే. ఆ మ్యూజియంలోకి సంచులు తీసుకెళ్ళనివ్వరు. నలభై రెండు సంచులు, నీళ్ళ సీసాలు, అన్నం డబ్బాలు వరండాలో బెంచీల మీద పెట్టి బడి వాళ్ళే ఎవరో ఒకరు కాపలా ఉండాలి. మొదటి ఏడు దిగీ దిగగానే హెడ్‌మాస్టారు, "మీరైతే జాగ్రత్తమ్మా. పైగా ఆడపిల్లలకి ఏదైనా అవసరమొస్తే మీరుండాలి కదా" అన్నారు. అన్నాక ఈల ఊదే డ్రిల్లు మాస్టారు ముందు, కెమెరాతో హెడ్‌మాస్టారు వెనక, మధ్యలో పిల్లలు లోపలికి వెళ్ళిపోయారు. ఆ జాగ్రత్త అన్న మాట మెచ్చుకోలులా వినబడింది కాబట్టి కాదనలేకపోయింది. మెచ్చుకుంటూ కట్టేస్తే ముడి కనబడదు. రెండో ఏటికి ఎవరూ చెప్పనే లేదు, తనే వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

సాయంత్రం బస్సులో పిల్లలు చెప్పేవాళ్ళు, తను వినేది. మొదటి ఏడు 'ప్రశ్నల పుట్ట' అని అందరూ పిలిచే అమ్మాయి ఆ మగ్గం గురించి చేతులూ కాళ్ళూ ఆడించి మరీ చెప్పింది, నేసేవాళ్ళు కూర్చున్న చోట చెక్క ఎలా గుంట పడిందో కూడా. ఆ మాటలు విని ఆమె రాసుకున్నదే ఆ వాక్యం. ఆ అమ్మాయి బడి దాటి వెళ్ళిపోయింది గానీ వాక్యం ఉండిపోయింది. ఏటేటా నివేదికలో దాన్ని మళ్ళీ రాస్తూ వచ్చింది. మిగతావన్నీ మారేవి, అది మాత్రం తీసేయబుద్ధి కాలేదు. తను చూడని మగ్గాన్ని తలచుకుంటూ వంటింట్లో ఎన్నిసార్లు నిలబడిపోయిందో ఆమెకే తెలుసు.

"ఆరేళ్ళు వెళ్ళి ఒక్కసారీ చూడలేదా? మరి చెప్పలేదేం?" అన్నాడు భర్త ఆ రోజు భోజనాల దగ్గర, విషయమంతా విన్నాక.

చెప్పడమా? ఏం చెప్పాలి? పెళ్ళైన రెండో ఏడు సముద్రం దగ్గర లైట్‌హౌస్ చూడ్డానికి వెళ్ళారు. మెట్ల దగ్గర చెప్పులు, సంచులు వదలాలన్నారు. "నువ్వుండు సామాను దగ్గర, మేం అలా వెళ్ళి ఇలా వచ్చేస్తాం" అన్నాడు. ఆయన, ఆడబిడ్డ, ఆమె పిల్లలు అలా వెళ్ళి గంటన్నరకు వచ్చారు. నేనూ ఒకసారి ఎక్కి వస్తానంటే, "మళ్ళీ ఇంతసేపు ఎవరాగుతారు? ఫొటోలు తీశాం కదా, చూస్తే చూసినట్టే" అన్నాడు. కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. అందుకే అది గొడవ కాలేదు. గొడవ కానివి ఇన్నేళ్ళుగా పోగుపడి ఎక్కడున్నాయో, ఇవాళ ఒక చెక్క మగ్గం తగిలి కదిలాయి.

"చెప్పాను, మీరే వినలేదు" అంది.

"సరే, ఇప్పుడదంతా ఎందుకు? మీ హెడ్‌మాస్టారు రాసిచ్చినదాని మీద సంతకం పెట్టెయ్. ఒక్క అబద్ధంతో నలభై రెండు మంది పిల్లలు వెళ్ళొస్తారు. పాపం కాదు, పుణ్యమే."

ఉత్తరంతోపాటే హెడ్‌మాస్టారు రాసిచ్చిన కాగితం చాలా చిన్నది. "టైపింగు పొరపాటు వల్ల మగ్గం అని పడింది. నేను అన్ని గదుల్లోనూ పిల్లల వెంటే ఉండి వివరించాను." కింద ఆమె సంతకానికి చోటు. ఆయనకు సంతకం కోసం ఎక్కడా చోటు లేదు.

ఆ అబద్ధం ఆడటం ఆమెకు కష్టమేం కాదు. పిల్లల కోసం ఇంతకంటే పెద్దవే ఆడింది. కానీ నేను లోపలే ఉన్నానని తన చేత్తో తనే రాసిస్తే, ఇక వరండాలో కూర్చున్న ఆ మనిషి ఎవరు? ఆరేళ్ళూ అక్కడ ఎవరూ లేనట్టేనా? అలాగని నిజం రాస్తే నిబంధన తప్పినట్టు తనే ఒప్పుకున్నట్టవుతుంది. ట్రస్టు బడిని జాబితాలోంచి కొట్టేస్తుంది. ఈ ఏడు ఏడో తరగతి వాళ్ళు అప్పుడే రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. తన బాధకు వాళ్ళ ప్రయాణం ఖర్చు పెట్టే హక్కు తనకుందా? ఈ ప్రశ్నతో మూడు రోజులు గడిచాయి. బట్టలు ఆరేస్తున్నా అదే, పరీక్ష పేపర్లు దిద్దుతున్నా అదే.

మూడో రోజు రాత్రి, పక్క గదిలో మంచం మీద పడుకున్న అత్తగారు పిలిచింది. ఆవిడ మాట కరుకు, చెవి చురుకు.

"ఏమే, ఆ మ్యూజియంలో అసలేముంటాయి?"

"తెలీదత్తయ్యా. చూస్తే కదా!"

అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. "మీ మామగారితో పదకొండు ఊళ్ళు తిరిగాను. అన్ని ఊళ్ళలోనూ నేను చూసింది స్టేషన్ బెంచీలే. అడిగితే ఏమంటారోనని అడగలేదు" అంది. తర్వాత ఎప్పటి గొంతుతోనే, "ఆ కాయితం మీద మాత్రం సంతకం పెట్టకు. వయసు మీద పడ్డాక నీకే గుర్తుండదు, నిజంగా చూశావో లేదో" అని అటు తిరిగి పడుకుంది.

మర్నాడు సోషల్ టీచరు సగం రోజు సెలవు పెట్టి ట్రస్టు ఆఫీసుకు బయలుదేరింది. వెళ్ళేది బడి పనికే అయినా సెలవు చీటీలో 'సొంత పని' అని రాయించారు హెడ్‌మాస్టారు. సంచిలో రెండు కాగితాలున్నాయి: ఆయన రాసింది, తను రాసింది. బస్సు దిగేదాకా ఏది ఇవ్వాలో తేల్చుకోలేదు.

ట్రస్టు ఆఫీసరు రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డ ఆవిడ. కళ్ళజోడు మెడలో గొలుసుకు వేలాడుతోంది. "చెప్పండి, మగ్గం ఎక్కడిది?" అంది కూర్చోమనకుండానే.

ఆమె తన కాగితం ఇచ్చింది. అందులో ఇలా ఉంది: "నేను మ్యూజియంకు ఆరుసార్లు వెళ్ళాను. నేను చూసినవి: వరండాలో రెండు బెంచీలు, నీళ్ళ కుళాయి, ఆడవాళ్ళ బాత్‌రూము. కాపలా చూసిన సంచులు ఏటా నలభైకి తగ్గవు. వాంతులైన పిల్లలు తొమ్మిది మంది, నెలసరి మొదలై భయపడ్డ ఆడపిల్లలు ముగ్గురు నా దగ్గరే ఉన్నారు. గదుల్లో ఏముందో పిల్లలు చెబితే విన్నాను. మగ్గం గురించి ఒక పిల్ల ఆరేళ్ళ కిందట చెప్పింది. ఏటా అదే రాయడం నా తప్పు. పిల్లలు వెళ్ళారు, చూశారు. నేను చూడలేదు."

ఆఫీసరు రెండుసార్లు చదివింది. "గదుల్లో ఉండాలన్నది మా నిబంధన. మీరు లేరు. ఇది చదివాక నేను మంజూరు చెయ్యలేను, తెలుసా?"

"తెలుసండీ." అంది ఆమె. "కానీ పిల్లల తప్పేం లేదు. శిక్ష వేస్తే నాకు వెయ్యండి. వేరే టీచర్ని పంపిస్తాను."

"వేరే టీచరు వస్తే ఆవిడ కూర్చుంటుంది బెంచీ మీద." ఆఫీసరు కళ్ళజోడు తీసేసింది. "కూర్చోండి. మీ ఫారంలో పెద్దవాళ్ళు ముగ్గురని రాశారు. ఎవరేం చేస్తారో రాయలేదు. ఆ పేజీ మళ్ళీ రాసివ్వండి, సంచుల దగ్గర ఎవరుంటారో వాళ్ళ పేరుతో సహా. కమిటీ ముందు పెడతాను. వాళ్ళు ఒప్పుకుంటారని మాత్రం మాటివ్వను."

సంచుల దగ్గర హెడ్‌మాస్టారని, గదుల్లో డ్రిల్లు మాస్టారూ తనూ అని ఆమె అక్కడే కూర్చుని రాసిచ్చింది. ఎవర్నీ అడగలేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎవర్నీ అడక్కుండా చేసిన మొదటి పని అదేనేమో.

నెలకు జవాబు వచ్చింది. అడిగిన దాంట్లో సగమే ఇచ్చారు, బస్సుకు సరిపోతుంది, తిండి ఇంటినుంచే తెచ్చుకోవాలి. రాసిచ్చినట్టు జరగకపోతే వచ్చే ఏడు డబ్బు లేదు. హెడ్‌మాస్టారు ఉత్తరం చదివి ఎర్రబడ్డారు.

"నన్నా? సంచుల దగ్గరా? ఒక్కమాట అడగొద్దూ అమ్మా?"

"నన్నూ ఎవరూ అడగలేదు సార్."

"అది వేరు. అయినా అక్కడ కూర్చోడానికి ప్యూన్ చాలడూ? ఏముందక్కడ, ఊరికే కూర్చోడమే కదా!"

"ఊరికే కూర్చోడమేగా సార్" అంది ఆమె నెమ్మదిగా. "మీకు కష్టం ఉండదు."

లెక్కల టీచరు నోట్‌బుక్ అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ రోజు రానే వచ్చింది. వరండా బెంచీ మీద నలభై రెండు సంచుల మధ్య హెడ్‌మాస్టారు ఇరుక్కుని కూర్చున్నారు. అప్పటికే ఒక పిల్లవాడికి కడుపులో తిప్పుతోంది, వాణ్ణి పట్టుకుని ఉన్నారు. "ఎంతసేపు పడుతుందమ్మా?" అన్నారు దీనంగా.

"తెలీదు సార్. నేనెప్పుడూ లోపలికి వెళ్ళలేదు."

మొదటి గది చల్లగా ఉంది. పిల్లలు గోలగా ముందుకు పోతుంటే ఆమె కాళ్ళు ఒక అద్దాల పెట్టె దగ్గర ఆగిపోయాయి. అందులో ఎముకతో చేసిన దువ్వెన ఉంది, వేలెడంత. పళ్ళు ఒకవైపే అరిగాయి. ఎవరో కుడిచేత్తోనే దువ్వుకునేవారేమో, లేక పిల్లకు దువ్వేవారేమో. పక్కన చీటీ మీద రెండు వరుసలున్నాయి, వాటిని చదివి మళ్ళీ దువ్వెనకేసి చూసింది. ఇంతకీ ఇది అంత గొప్ప వస్తువేం కాదు. కానీ దాన్ని తన కళ్ళతో చూస్తోంది, ఎవరూ చెప్పకముందే.

డ్రిల్లు మాస్టారు ఈల ఊదారు. "పదండి పదండి! ఇంకా చాలా గదులున్నాయి. మేడమ్, టైమవుతోంది, పిల్లల్ని కదిలించండి!"

ఆమె అద్దం మీదనుంచి తల ఎత్తలేదు.

"ఆగండి సార్" అంది. "నేనింకా చూడలేదు."