కొస పట్టుకునే మనిషి

"దారిలో ఈ దారాలేమిటి, పక్కకి జరుగు," అంటూ మా ఆయన పడగ్గది తలుపు లాగాడు. గడియకి కట్టి పురి తిప్పుతున్న పోగులు నా వేళ్ళలోంచి జారిపోయాయి. తిప్పిన పురంతా గిర్రున విడిపోయింది. ఆయన నన్నూ దారాన్నీ కలిపి ఒక్క అంగలో దాటి, చార్జర్ ఎక్కడుందని అడుగుతూ హాల్లోకి వెళ్ళిపోయాడు. ఆ దారం పండగనాడు ఆయన చేతికి కట్టేదే.

కట్టేది ఆయన చెల్లెలు. చేసేది నేను. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు నెమ్మదిగా చెవిలో వేశారు. "దానికి బ్యాంకులో ఊపిరాడదమ్మా, బజారు దారం కడితే మావాడు చిన్నబుచ్చుకుంటాడు. నీకు ఎలాగూ చేతిపని వచ్చు, నువ్వు చేసి ఇస్తే అది కడుతుంది." ఆ ఒక్కసారికే అనుకున్నాను, నా పిచ్చిగానీ! నేనూ ఉద్యోగం చేస్తాను, పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లెత్తి పేషెంట్లకి టైములిచ్చే కుర్చీలో. కానీ మా ఇంట్లో అది ఉద్యోగం కిందకి రాదు. "మా కోడలు అలా కాసేపు వెళ్ళి కూర్చుని వస్తుంది," అంటారు మా అత్తగారు చుట్టాలతో. ఆ కూర్చుని వచ్చేదానికి మాత్రం తీరికకి కొదవేముంది? నడుం వాల్చే వేళలో పోగులు ముందేసుకుని కూర్చుంటాను. పూసలు ఎక్కించి, కుచ్చులు కత్తిరించి, కాగితంలో చుట్టి మా ఆడపడుచు సంచిలో పెడతాను. పండగనాడు మా ఆయన చెయ్యెత్తి వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు. "చూశారా, మా చెల్లి చేతిపని! అంత ఉద్యోగం చేసుకుంటూ కూడా అన్నయ్య కోసం ఎంత ఓపిగ్గా చేసిందో!" అక్కడితో ఆగితే బాగుండును. నాకేసి తిరిగి, "నువ్వూ కాస్త నేర్చుకోకూడదూ?" అంటాడు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా! మా ఆడపడుచు మాత్రం ఎర్రబడి, "అదికాదు అన్నయ్యా..." అని మొదలుపెడుతుంది. ఈలోపు మా అత్తగారు ప్లేట్లు తెమ్మంటారు, నేను వంటింట్లోకి వెళ్తాను, ఆ మాట అక్కడే ఆగిపోతుంది. పాపం, ఆ పిల్లని తిట్టుకోవడానికి నాకు మనసొప్పదు.

నాకు అన్నదమ్ముల్లేరు. అక్క ఉంది. చిన్నప్పుడు మేమిద్దరం దారాలు చేసి పెదనాన్నగారి పిల్లలకి కట్టేవాళ్ళం. కొస అక్క కాలి బొటనవేలికి చుట్టి నేను పురి తిప్పేదాన్ని. అది కావాలని వేలు ఆడించేది, నేను అరిచేదాన్ని, అమ్మ ఇద్దరినీ కలిపి తిట్టేది. ఒక ఏడు అక్క, "వాళ్ళకేనా, నాకెవరు కడతారే?" అంది. మిగిలిన ముక్కలు కలిపి దానికీ ఒకటి కట్టాను. స్నానానికి కూడా తియ్యకుండా, రంగంతా పోయి వెలిసిపోయేదాకా ఉంచుకుంది. ఇప్పుడు అక్క మొగుణ్ణి కాదని వచ్చేసి, అమ్మానాన్నల ఇంట్లో ఒక్కతే ఉంటోంది. పండగకి వెళ్తానని ఎప్పుడడిగినా మా అత్తగారిది ఒకటే మాట. "అన్నదమ్ములు లేనిదానివి, ఆ రోజు నీకు పుట్టింట్లో పనేముందమ్మా?" అక్క ఉంది కదండీ అంటే నవ్వారు. "అక్కకి దారం కట్టడమేమిటి, వింటే నలుగురూ నవ్విపోతారు!" ఆ నలుగురెవరో నాకు ఇంతవరకూ కనిపించలేదు.

పురి విడిపోయిన పోగులు ఒళ్ళో వేసుకుని, ఏం తోచక అక్కకి ఫోన్ చేశాను. "దారం చేస్తున్నావా?" అంది వెంటనే. "కొస ఎవరు పట్టుకున్నారే?"

"తలుపు," అన్నాను.

ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వి నవ్వి ఆగాక, "నీకు పండగకి ఏమిటి?" అని నేనే అడిగాను. "ఏముందే, పొద్దున్నే లేచి పక్కబట్టలన్నీ ఉతుకుతాను, సాయంత్రం దాకా టైం గడిచిపోతుంది," అంది. ఫోన్ పెట్టేశాక ఎంత ఏడ్చానో. ఇంటి నిండా మనుషులుండి తలుపుకి దారం కట్టుకునే నాకంటే, అది ఒక్కతే ఉండడం పెద్ద కష్టమేం కాదనిపించింది. అయినా ఏడుపు ఆగలేదు. లేచి పోగులు కిటికీ చువ్వకి కట్టాను. మా ఆయనకి నచ్చే ఎరుపు పక్కన పడేసి, అక్కకిష్టమైన నీలమూ పసుపూ తీసుకున్నాను.

పండగనాడు మా ఆడపడుచు వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి, "వదినా, దారం?" అంది.

"ఈసారి చెయ్యలేదమ్మా. మా అక్కకి చేశాను. కట్టడానికి వెళ్తున్నాను."

"ఇంటికి మనుషులొచ్చే వేళ నువ్వు వెళ్ళడమేమిటి? అదీ ఆవిడ దగ్గరికి!" మా అత్తగారు గుమ్మంలోకి వచ్చేశారు. వెనకే మా ఆయన. "చెల్లి దారానికీ నీ ప్రయాణానికీ ఏమిటి సంబంధం?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆడపడుచు, "అవన్నీ ఏ ఏడూ నేను చెయ్యలేదు అన్నయ్యా. వదినే చేసింది," అనేసింది. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా ఆయన ఏమాత్రం తొణకలేదు. "తెలుసులేవే, చూస్తూనే ఉన్నాగా. ఎవరు చేస్తే ఏముంది?"

అంతవరకూ నాలో ఎక్కడో కాస్త బెరుకుంది. వెళ్ళాలా, మానాలా, సాయంత్రం వెళ్తే పోదా అని. ఆ మాటతో అది కాస్తా పోయింది. "వంటయింది, వడ్డించుకోండి," అని చేతులు తుడుచుకున్నాను. ఎప్పుడొస్తావని ఆయన అడిగాడు. చెప్పులు వేసుకుని బయటపడ్డాను.

బస్సులో పండగ బట్టల వాసనలు, ఒళ్ళో పిల్లలు, డబ్బాలు. నా ఒళ్ళో చిన్న కాగితం పొట్లం. కిటికీ పక్క సీటు దొరికింది. నన్నెవరూ పక్కకి జరగమనలేదు.

తలుపు కొడితే అక్క తడి చేతులతోనే వచ్చి తీసింది. నన్ను చూసి దాని మొహం పాలిపోయింది. నా వెనకాల వీధిలోకి తొంగి చూసింది, నాతో ఎవరొచ్చారోనని. నాన్న పోయినప్పుడు, అమ్మ పోయినప్పుడు తప్ప పెళ్ళయ్యాక నేను ఆ గుమ్మం తొక్కలేదు. నా రెండు భుజాలూ పట్టుకుని, "చెప్పవే, ఎవరు పోయారు?" అంది.

"ఎవరూ పోలేదక్కా," అన్నాను. "ఊరికే, నీకోసం వచ్చాను."