వీపు తిప్పుకునే గడ్డి

"రేపు మీ ఊరు వెళ్దామా?" అన్నాడు మోరేశ్వర్.

కుముదిని పెరట్లో గొంతుక్కూర్చుని గరిక కోస్తోంది. గణపతికి ఇరవై ఒక్క పోచలు కావాలి, ప్రతి పోచకీ మూడు ఆకులుండాలి. పద్నాలుగు దాకా వచ్చిన లెక్క అక్కడ తప్పిపోయింది. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో, ఇంట్లో గణపతి ఉన్న అయిదు రోజులూ ఆమె ఈ గడప దాటి ఎరగదు. కొత్తలో రెండుసార్లు అడిగింది. "దేవుణ్ణి ఇంట్లో పెట్టుకుని కోడలు పుట్టింటికి పోతే వచ్చేపోయేవాళ్ళకి వండేదెవరు?" అని అత్తగారు అడిగితే, మోరేశ్వర్ పేపరు ఇంకొంచెం పైకెత్తి పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది.

"ఎందుకు?" అంది.

"ఎందుకేంటి? మీ అమ్మ పోయాక వచ్చిన మొదటి చవితి. మీ తమ్ముడు దత్తారామ్ దిగులు పడుతూ ఉంటాడు, పాపం."

పాపం అనే మాట అతని నోట తన పుట్టింటివాళ్ళ గురించి ఎప్పుడు విన్నదీ గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు. మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది.

గరిక పళ్ళెం లోపలికి తెస్తే అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో పోచా తిప్పి చూసింది. "ఇందులో ఏదో పిచ్చిగడ్డి కలిసింది. ఎమ్మెస్సీ చదివావు, అదీ మొక్కల చదువే. గరిక తెలీదా?"

"అన్నీ గరికేనండీ."

"ఆ బకెట్లో పెంచుతున్నావే, అదేమైనా తెంపావేమోనని అడిగాను. పండగనాడు పెరట్లో ఆ దరిద్రం ఏంటి, తీసి అవతల పారెయ్యరాదూ?"

బట్టలుతికే బండ పక్కన, అంచు పగిలిన నీలం బకెట్లో, జానెడు గడ్డి పెరుగుతోంది. కుముదిని వెళ్ళి దాన్ని గోడ వైపుకి ఇంకాస్త జరిపి వచ్చింది.

"అమ్మా, రేపు మేం వాళ్ళ ఊరు వెళ్ళొస్తాం. ఒక్కరోజేగా," అన్నాడు మోరేశ్వర్.

"నీ ఇష్టం నాయనా," అంది ముసలావిడ.

అంతే. ఇరవై మూడేళ్ళ అడ్డు అంత తేలిగ్గా తొలగిపోయింది. కొబ్బరి కోరుతున్న కుముదినికి సంతోషం రావాలి. రాలేదు. మోదకాల పిండి ఉడుకుతున్నంతసేపూ ఆమె చెవి ముందు గదిలోనే ఉంది. మోరేశ్వర్ ఫోనులో మాట్లాడుతున్నాడు. "తప్పకుండా మేడం. మా ఆవిడ పుట్టిల్లే. ఇంటి వెనకే సడా మీదికి దారి." ఫోను పెట్టేసి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "పుణె నుంచి దేవస్థళీ మేడం వస్తున్నారు. మన పల్లెల్లో గణపతి ఎలా చేస్తారో చూడాలని ముచ్చటపడ్డారు. మీ ఊరైతే బాగుంటుంది కదా అని."

దేవస్థళీ మేడం కుముదినికి తెలుసు. ఎమ్మెస్సీలో పాఠం చెప్పిన మనిషి. నలభై ఏళ్ళుగా గడ్డి జాతులు తప్ప మరో మాట లేదు ఆవిడకి. పండగలు చూసే ముచ్చట ఆవిడకి ఉందంటే నమ్మడం కష్టం. ఊరి వెనక సడా అంటే చెట్టూచేమా లేని నల్లటి రాతి మిట్ట. వానాకాలం నాలుగు నెలలే దానికి పచ్చదనం. అక్కడ గణపతి ఉండడు, గడ్డి ఉంటుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. పడుకునే ముందు మోరేశ్వర్, తిన్న కంచం తనే తీసి తొట్టిలో వేశాడు. ఆ చప్పుడుకి ఆమె ఉలిక్కిపడింది. "నా తెల్ల చొక్కా ఇస్త్రీ చెయ్యి కుముద్. బల్ల మీద ఫైలుంది, మడత పడకుండా సంచీలో పెట్టు," అన్నాడు. ఇంట్లో ఆమె చేతికి అందే కాగితాలన్నీ చదవడానికి కాక సర్దడానికే అని అతని నమ్మకం. కాలేజీలోనూ అంతే. అతను బోటనీ హెడ్డు, ఆమె ల్యాబు అసిస్టెంటు. లెక్చరరు ఉద్యోగం పడ్డప్పుడు, "ఒకే డిపార్టుమెంటులో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పాఠాలు చెబితే పిల్లలు నవ్వుతారు," అన్నాడు. అతను చెప్పే పాఠానికి స్లైడ్లు ఆమె కోసేది. అతని వ్యాసాలకి బొమ్మలు ఆమె గీసేది. ఆ చూపు, ఆ ఓపిక ఆడవాళ్ళకి పుట్టుకతో వస్తాయని అతను పదిమందిలో మెచ్చుకునేవాడు.

చొక్కా ఇస్త్రీ చేస్తూ మధ్యలో ఫైలు తెరిచింది. మొదటి కాగితం మీద తన బొమ్మే ఉంది.

ఒక గడ్డి కంకి. దాని చిరుకంకుల నుంచి మోకాలు మడిచినట్టు వంగి మెలి తిరిగిన మీసాలు. కింద ఒక్కో పొట్టూ విడదీసి వేసిన చిన్న బొమ్మలు. జనవరిలో, ల్యాబు వేళలు అయ్యాక, ఒక్కతే కూర్చుని పదకొండు రోజులు గీసింది. పుస్తకాలన్నీ వెతికింది, ఆ మీసం ఎందులోనూ లేదు. అతనికి చూపించింది. అతను కళ్ళద్దాలైనా పెట్టుకోకుండా చూసి, "మామూలు గడ్డే. ఎండి అలా అయింది. మీ అమ్మ గుర్తొచ్చి నీకు ప్రతి గడ్డిపోచా ప్రత్యేకంగా కనిపిస్తోంది," అన్నాడు. మార్చిలో బొమ్మలు, నోటుపుస్తకం, కుట్టి పెట్టుకున్న నమూనా అట్టలు కనబడకుండా పోయాయి. "అమ్మ పాత పేపర్లవాడికి వేసేసి ఉంటుంది," అన్నాడు. ఆరు నెలలుగా ఆమె అత్తగారిని అనుమానిస్తోంది. పొద్దున పప్పులో ఉప్పు ఎక్కువైందని ఆవిడ అంటే, నోటుపుస్తకం అమ్ముకున్న నోరు అని మనసులో అనుకుంది కూడా.

పేజీ తిప్పింది. శాస్త్రానికి ఇంతవరకూ తెలియని కొత్త జాతి. వర్ణించినవారు మో. గో. పరబ్, అంటే మోరేశ్వర్. ఒక్క ఏడాది బతికే మొక్క, పీచు వేళ్ళు. చివర కృతజ్ఞతలు ప్రిన్సిపాలుకి, దేవస్థళీ మేడానికి, మైక్రోస్కోపు బాగుచేసిన కంపెనీకి, ఓపిక పట్టిన భార్యకి. ఆ వెనక మేడం ఉత్తరం ఉంది. "నీ ఫోటోలో వేరు భాగం లేదు. బతికున్న మొక్కని, అది పెరిగే చోట, నా కళ్ళతో చూడకుండా దీన్ని నేను బలపరచలేను." పండగ ముచ్చట సంగతి అక్కడ తేలిపోయింది.

ఇంకా ఒక్క వరుస మిగిలింది. సేకరించినవారు మో. గో. పరబ్. స్థలం, తన పుట్టింటి వెనక సడా. తేదీ, పోయిన ఏడు సెప్టెంబరు 14.

ఆ తేదీని ఆమె రెండుసార్లు చదివింది.

అది అమ్మ పదో రోజు. ఆ ఉదయం ఏడింటికి మోరేశ్వర్ ఫోను చేసి, "పరీక్ష డ్యూటీ పడింది కుముద్. నేను లేకపోతే ఆగుతుందా?" అన్నాడు. వాగు ఒడ్డున పిండం పెట్టి, కాకి ముడుతుందేమోనని రెండు గంటలు నిలబడ్డారు. కాకి రాలేదు. "అల్లుడు రాలేదుగా, ఆ ముసలిదాని కోరిక అదేనేమో," అన్నారు ఎవరో, ఆమెకి వినబడేలా. ఇప్పుడీ కాగితం, అతను ఆ రోజు ఇంటి వెనక మిట్ట మీదే ఉన్నాడంటోంది.  నిజంగా వచ్చాడా? అవతలి వైపు నుంచి ఎక్కి, గడ్డి కోసుకుని, కింద తమ ఏడుపులు వినిపిస్తున్నా దిగకుండా వెళ్ళిపోయాడా? అనుమానం ఒకసారి లేస్తే దానికి ఒడ్డూ దరీ ఉండదు. ఎవరితో వచ్చాడు, ఎందుకు దాచాడు అన్నంత దూరం పోయింది ఆమె. ఇస్త్రీ పెట్టె చొక్కా మీద ఉందన్న సంగతి కమురు వాసన వచ్చాక గానీ తెలియలేదు.

అప్పుడు ఫైల్లోంచి నమూనా అట్ట ఫోటో బయటికి తీసి చూసింది. అట్టకి కాడని పట్టి ఉంచిన దారం ఎడమ నుంచి కుట్టినది. ఎడమచేతివాటం ఇంట్లో తనొక్కదానికే. కాడ మొదట్లో బ్లేడుతో సూటిగా కోసిన గాటు. ఆ గాటు కూడా తనదే. ఆ రోజు భోజనాలయ్యాక ఎవరితోనూ మాట్లాడలేక, చూరులో గుచ్చి ఉన్న అమ్మ కొడవలి తీసుకుని సడా ఎక్కింది. అమ్మ ఏళ్ళ తరబడి పశువులకి గడ్డి కోసిన చోటు అది. ఈ గడ్డిని అమ్మ లాగనిచ్చేది కాదు. "లాగితే సగమే వస్తుంది. ప్రాణం కింద ఉండిపోతుంది," అనేది. మూడు వేళ్ళ లోతున, ఉల్లికాడ గడ్డంత దుంప ఉంటుంది దానికి. కుముదిని తవ్వి తెచ్చి, దుంపలు కోసి బకెట్లో పాతి, పైభాగాన్ని పేపర్ల మధ్య అదిమింది. నోటుపుస్తకంలో తేదీ రాసింది. బకెట్లో గడ్డి వేసవికి మాడిపోయి, జూన్ వానకి మళ్ళీ మొలిచింది. కాగితంలో మాత్రం ఒక్క ఏడాది బతికే మొక్క.

అతను సడా ఎక్కలేదు. ఎక్కడికీ వెళ్ళలేదు. ఆమె నోటుపుస్తకం నుంచి తేదీ ఎత్తి రాసుకున్నాడు, అంతే. రాస్తున్నప్పుడు ఆ రోజేమిటో అతనికి తట్టలేదు. మళ్ళీ చదువుకున్నప్పుడూ తట్టలేదు. బొమ్మలు పోయినందుకు కన్నా, పేరు పోయినందుకు కన్నా, ఆ తట్టకపోవడం దగ్గర ఆమె చాలాసేపు నిలబడింది. తర్వాత ఫైలు మడత పడకుండా సంచీలో పెట్టింది. కాలిన చొక్కా మడిచి పక్కనపెట్టి, ఇంకోటి ఇస్త్రీ చేసింది.

మర్నాడు పదింటికల్లా మేడంతో సహా తమ్ముడి ఇంట్లో ఉన్నారు. దత్తారామ్ ఈ ఏడు బాజాలు పెట్టలేదు. చిన్న విగ్రహం, దాని ముందు దీపం, అంతే. బావగారిని చూసి తత్తరపడి కుర్చీ తుడిచాడు. "అమ్మ ఉంటే ఎంత సంతోషించేదో బావా, నువ్వు రావడం," అన్నాడు. మోరేశ్వర్ అతని భుజం తట్టి, "ముందు సడా చూసొద్దాం, వాన పడేలా ఉంది," అన్నాడు. దేవస్థళీ మేడానికి డెబ్బై దాటాయి. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, గుడ్డ బూట్లు తొడుక్కుని సిద్ధంగా ఉంది. కుముదిని చూరులోంచి కొడవలి తీసింది.

"అది ఎందుకు?" అన్నాడు మోరేశ్వర్.

"ముళ్ళుంటాయి కదండీ."

పైన మంచు కమ్మి ఉంది. పది అడుగుల అవతలి మనిషి మసగ్గా కనిపిస్తున్నాడు. మోరేశ్వర్ ఫోటో చేత్తో పట్టుకుని వంగి వంగి వెతికాడు. మెలి తిరిగిన మీసం కోసం వెతుకుతున్నాడు, బొమ్మలో ఉన్నట్టు. అది ఎండిన కంకిని చూసి గీసిన బొమ్మ. మంచు తగిలితే ఆ మీసాలు మెలి విప్పుకుని, సూటిగా సాగి, కాడకి అంటుకుపోతాయి. "పాఠమోరీ," అనేది అమ్మ దాన్ని, వీపు తిప్పుకున్నది అని. "దీనికి మంచు పడితే అలక. మొహం చూపించదు." అతను దాన్ని తొక్కుకుంటూ మూడుసార్లు అటూ ఇటూ నడిచాడు. కుముదిని పాదాల చుట్టూ అదే గడ్డి.

"కుముద్, చిన్నప్పుడు తిరిగిన చోటేగా. ఇలాంటిది ఎక్కడైనా కనిపించిందేమో చూడు," అన్నాడు.

"మామూలు గడ్డే కనిపిస్తోందండీ నాకు."

"పరబ్, పోయినేడు ఎక్కడ కోశావు?" అంది మేడం, రాతి మీద కూర్చుంటూ. "రాయో, గుంటో, ఏదో ఒక గుర్తుంటుంది కదా."

"ఇక్కడే మేడం. ఈ చుట్టుపక్కలే. వానలకి అంతా మారిపోయింది."

"రాయి కూడా మారిందా?" అంది ఆవిడ. దత్తారామ్ నవ్వబోయి, బావ మొహం చూసి ఆపుకున్నాడు.

"మామూలు గడ్డంటావేం కుముద్, చూపించరాదూ," అన్నాడు మోరేశ్వర్. గొంతులో కాలేజీ అధికారం వినిపించింది. ఆమె బస్సులో వస్తున్నంతసేపూ ఒక్కటే ఆలోచించింది. చూపిస్తే అది అతనిది అవుతుంది. చూపించకపోతే తప్పుల తడకగా అచ్చులోకి పోతుంది, లేదా ఎవరికీ తెలియకుండా ఇక్కడే ఉంటుంది. రెండూ ఆమెకి ఇష్టం లేదు.

"నాకెలా తెలుస్తుందండీ," అంది, గొంతు పెంచకుండా. "సెప్టెంబరు పద్నాలుగున వచ్చి కోసింది మీరు కదా. కాగితంలో అలాగే ఉంది."

"అవును, అదే..." అన్నాడు.

"ఆ రోజు కింద అమ్మ పదో రోజు. కాకి రాక, మీరు రాక, రెండు గంటలు నిలబడ్డాం. మీరు పైనే ఉన్నారని తెలిస్తే మీకూ ఒక విస్తరి వేసేవాళ్ళం."

మంచులో ఎక్కడో ఒక ఆవు మెడలో గంట మోగి ఆగింది. దత్తారామ్ బావగారి వైపు తిరిగాడు. "పరీక్ష డ్యూటీ అన్నావు కదా బావా," అన్నాడు, నిజంగానే అర్థం కానట్టు. మోరేశ్వర్ ఫోటో వైపు చూశాడు, తేదీ వైపు. ఆ రోజేమిటో అతనికి ఇప్పుడు తట్టింది.

దేవస్థళీ మేడం చెయ్యి చాపి అతని దగ్గర ఫోటో తీసుకుంది. ఎడమ నుంచి కుట్టిన దారాన్ని, కాడ చివర గాటుని వేలితో తడిమింది. కుముదిని ఎడమచేతిలోని కొడవలిని చూసింది. తర్వాత రాతి మీద కొంచెం పక్కకి జరిగి, అతన్ని దాటి అడిగింది.

"వేరు ఎంత లోతు ఉంటుందమ్మా?"

"మూడు వేళ్ళు," అంది కుముదిని. మోకాళ్ళ మీద కూర్చుని, కొడవలి మొన దింపింది.