పొగ చూపిస్తే చాలు

"అంకుల్, మీరు ఏడో క్లాసులోనే బడి మానేసిండ్రని ఆంటీ చెప్పింది. నాకు సరిగ్గా మీలాంటోళ్ళే కావాలి," అంది సుధేష్ణ, సోఫా నిండా కాగితాలు పరుస్తూ.

వరంగల్ పిల్ల. ఇక్కడ ఐర్లాండులో, లిమరిక్ ఊళ్ళో లా చదువుతోంది. వివక్ష మీద యూరప్ కోర్టులు ఇచ్చిన తీర్పుల్ని మామూలు మాటల్లోకి దించడం ఆమె చదువులో ఒక పనట. ముందు నాకు చదివి వినిపిస్తుంది. నాకు అర్థమైతే ఇంక లోకంలో అందరికీ అర్థమైనట్టే.

"అంటే మొద్దుల్ని తూచే రాయిని నేనన్నమాట," అన్నాను.

"అయ్యో, గట్ల కాదంకుల్!" అని నాలుక కరుచుకుంది.

ఆదివారం మధ్యాహ్నం. మేముండే ఎన్నిస్‌లో నేను దోసెలు పోసే హోటలు సాయంత్రం గానీ తెరవరు. నా భార్య వసుంధర వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. షానన్‌లో మందుల ప్యాకింగ్ కంపెనీలో ఆమె ఉద్యోగం ఈ వేసవిలో పోయింది. అప్పట్నుంచీ కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది.

సుధేష్ణ చదవడం మొదలుపెట్టింది. ఇంగ్లాండులో ఒక ఆఫీసులో పనిచేసే తల్లి. ఆమె కొడుకుకు వైకల్యం. మిగతా తల్లులు పిల్లల కోసం సమయం అడిగితే ఇచ్చేవారట, ఈమె అడిగితే బద్ధకం అనేవారట. చివరికి ఉద్యోగం మానేసి కోర్టుకెక్కింది. వైకల్యం ఆమెకు లేదు కదా, మరి చట్టం ఆమెకెలా వర్తిస్తుందన్నది ప్రశ్న. బిడ్డ వైకల్యం మూలంగా తల్లిని తక్కువ చేసి చూసినా అది వివక్షేనని యూరప్ పెద్ద కోర్టు తేల్చింది.

"బిడ్డ జబ్బుకి తల్లిని కొట్టినా దెబ్బ దెబ్బే. అంతేగా?" అన్నాను.

"అంతే! దానికి నేను మూడు పేజీలు రాసిన," అని నవ్వింది.

"సరే, బిడ్డ మూలంగానే చేశారని రుజువెట్టా? మనసులో మాట ఎవడు బయటపెడతాడు?"

"మొత్తం రుజువు చెయ్యక్కర్లేదంకుల్. పొగ చూపిస్తే చాలు. నిప్పు లేదని నిరూపించుకునే బరువు కంపెనీ మీద పడ్తది."

వంటింట్లో కుళాయి ఆగింది. వసుంధర చున్నీకి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆ ముక్క ఇంకోసారి చదువమ్మా."

సుధేష్ణ చదివింది. వసుంధర వచ్చి కింద కూచుంది.

"మా లైన్లో అందరం పిల్లలున్నోళ్ళమే. స్కూల్లో డాన్సుందంటే వాళ్ళని ముందే పంపేవోళ్ళు. నేనడిగితే మా సూపర్‌వైజర్ కెవిన్ 'మళ్ళీనా?' అని మొహం మాడ్చుకునేవాడు. ఈమెని నమ్ముకోలేమని రాసి పంపించేశారు."

"సెలవెందుకు అడిగేటోళ్ళాంటీ?"

వసుంధర నావైపు చూసింది. పైనుంచి మా అమ్మాయి మైథిలి, "మమ్, వేర్ ఈజ్ మై చార్జర్?" అని అరిచింది, ఐర్లాండు యాసలో. వసుంధర గొంతు తగ్గించింది.

"మైథిలికి మూర్ఛ."

ఈ దేశంలో డాక్టర్లకు తప్ప ఎవరికీ చెప్పని మాట అది. సుధేష్ణ లేచి నిలబడింది.

"ఆంటీ, అచ్చం అదే కేసు! మూర్ఛ కూడా ఈ చట్టంలో వైకల్యమే. ఫిర్యాదుకు గడువింకా ఉంది. ఉద్యోగం మళ్ళొచ్చినా రావచ్చు!"

"కాఫీ పెడతా ఉండు," అంది వసుంధర. వంటింట్లోకి పరుగులాంటి నడకతో పోయింది. ఆమె అలా నడవగా చూసి ఎన్నాళ్ళయిందో.

"మైథిలి సంగతి కంపెనీకి ఎప్పుడు చెప్పిండ్రాంటీ?" సుధేష్ణ ఇక్కణ్ణుంచే అడిగింది.

వసుంధర కాఫీ డబ్బా పట్టుకుని గుమ్మంలోకొచ్చింది.

"జ్వరమని చెప్పేదాన్ని."

"ప్రతిసారీనా?"

"జ్వరం, వాంతులు, పన్నునొప్పి... ఏది నోటికొస్తే అది. గిరిజాకుమారి నా పక్క బల్ల మీదే పనిచేసేది. ఆమె చెవిన పడితే లిమరిక్ దాకా తెలుగోళ్ళందరికీ పాకిపోద్ది. ఆడపిల్ల కదమ్మా."

సుధేష్ణ కాగితాలు అటూ ఇటూ తిప్పింది. "వాళ్ళకి తెల్వని జబ్బు మూలంగా వాళ్ళు వివక్ష చూపిండ్రని..."

"అనలేం," అన్నాను. ఆ ముక్క నాకెవరూ తేలిక చేసి చెప్పక్కర్లేకపోయింది.

మంగళవారం ఆ పిల్ల ఫోన్ చేసింది. వసుంధర స్పీకర్ సన్నగా పెట్టింది. వాళ్ళ కాలేజీ మేడం ద్వారా వకీలును అడిగించిందట. ఫిర్యాదు వెయ్యొచ్చు గానీ నిలబడదన్నాడట.

"పోనీ ఇప్పుడు కెవిన్‌కి చెప్తే?" అంది వసుంధర.

"ఇప్పుడు చెప్తే అప్పటికి తెలిసినట్టు కాదాంటీ."

నాకు ఒళ్ళు మండింది. "తెలిస్తే ఏమయ్యేది? పిల్ల అరిగిపోయేదా?" అన్నాను.

"నీకేంది, నువ్వు పెనంతో మాట్లాడతావు. పూజలకి పోయి ఆ ఆడోళ్ళ మధ్య కూచునేది నేను. ప్రసాదం పళ్ళెం మైథిలి ముందు ఆగకుండా దాటిపోతే చూడాల్సింది నేను."

మూర్ఛొస్తే చేతిలో తాళంచెవులు పెట్టి, గాలి సోకిందని దూరం జరిగే జాతి మనది. చదువుకున్నవాళ్ళూ అంతే. ఆ భయానికి కూడా టికెట్ కొని విమానమెక్కించి తెచ్చుకున్నాం.

సుధేష్ణ ఫోన్ పెట్టెయ్యలేదు. తీర్పు కింద ఒక హెచ్చరిక రాస్తానంది. పనిచోట చెప్పుకోండి, చెప్పకపోతే చట్టం కూడా ఆదుకోలేదు అని. ఉదాహరణకు మా సంగతి వాడుకోవచ్చా అని అడిగింది. ఇంగ్లాండు తల్లి పేరుతోనే ఆ తీర్పును యూరపంతా పిలుస్తారట. మా పేర్లయితే రాయనంది.

"రాయమ్మా. ఇంకొకరికన్నా పనికొస్తది," అంది వసుంధర. "కానీ ఎన్నిస్ అని రాయకు. ప్యాకింగ్ కంపెనీ అనీ వద్దు. ఆడపిల్లనీ రాయకు. మూర్ఛ అనీ..."

"ఇంకేం మిగిలిందాంటీ?"

వసుంధర ఫోన్ ఒళ్ళో పెట్టుకుని మెట్లవైపు చూస్తూ కూచుంది.

"ఒక తల్లి అని రాయి," అంది.