వలి చెప్పిన దారి

హుస్సేన్ వలి దారి చెప్పకుండా ఉంటే ఓబులేసు దారి తప్పేవాడే కాదు. ఈ మాట ఓబులేసు కువైట్‌లోని అమ్ఘరా పాత ఇనుము కొట్ల దగ్గర ప్రతి లారీ డ్రైవరుకూ చెప్పాడు. వినేవాళ్లు అయిపోయాక మళ్లీ మొదటివాడి దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.

సంగతేమిటంటే, సొంతూళ్లో ఒక ఇంటి స్థలం బేరం కుదిరింది. శుక్రవారంలోగా రిజిస్ట్రేషన్ కాకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తానన్నాడు అమ్మే ఆసామి. భార్య అంకాలమ్మ తన పేరున రాయించుకుంటానంది.

"పద్దెనిమిదేండ్లు ఎండలో మాడింది నేను, పేరు నీదా?" అన్నాడు ఓబులేసు.

ఓబులేసు పేరునే కావాలంటే, అతని బదులు ఆమె సంతకం పెట్టేందుకు అధికారపత్రం పంపాలి. అదీ ఫోన్లో ఫొటో చాలదు, అసలు కాగితమే కావాలి. పట్టుకెళ్లే మనిషి దొరికింది. అర్దియా పేటలో ఒక ఇంట్లో వంటచేసే వెంకటేశ్వరి బుధవారం ఒంటిగంట విమానానికి ఊరికి పోతోంది. పదింటికల్లా ఇల్లు కదులుతుంది.

ఆ ఇల్లు తెలిసింది వలికే. అక్కడ నీళ్ల డబ్బాలు వేసేది అతనే. బ్లాకు, వీధి నంబరు అడిగితే అతనికి కోపం వచ్చింది.

"నంబర్లు పోలీసోళ్లకు అబ్బీ. మనూరు తెల్సునా నీకు?"

"తెలీకేం అన్నా."

"ఆరో రింగ్ రోడ్డును మన కడప రోడ్డనుకో. జహ్రా పక్కనుంచి వస్తాండావంటే కడపనుంచి ఊర్లోకి వస్తాండట్టు. పెద్ద వంతెన వస్తాది, అది మన పోలీస్ స్టేషన్. ఆడ నిలబడితే సినిమా హాలు యా పక్కుంటాది? ఆ పక్కకు తిరుగు. నీలం గేటు."

కువైట్‌లో కడప జిల్లావాళ్లు సగంమంది ఇలాగే తిరుగుతారు. ఒకడికి షర్క్ కడప అయితే, ఇంకొకడికి జహ్రా రాయచోటి. అందరూ ఎలాగో చేరతారు కూడా.

ఓబులేసు ఎనిమిదిన్నరకే బయల్దేరాడు. వంతెన దగ్గర మనసులో పోలీస్ స్టేషన్ ముందు నిలబడి, సినిమా హాలు ఉన్న కుడిపక్కకు బండి తిప్పాడు. జిలీబ్ వచ్చింది. మలయాళీ టీ కొట్లు, కిటికీల నిండా ఆరేసిన లుంగీలు. నాలుగు వీధులు తిరిగి, అందరిచేతా హారన్లు కొట్టించుకుని ఫోన్ చేశాడు.

"అన్నా, యాడికి పంపిస్తివి? ఈడ నీలం గేటు కాదు, గేటే లేదు!"

"యా పక్కకు తిరిగినావు?"

"కుడికి."

"కుడికి యాలరా? హాలు ఎడంపక్క గదా!"

"దాన్ని పడగొట్టి ఏడేండ్లాయ! ఇప్పుడాడ పెండ్లి మంటపం. కొత్త హాలు కుడిపక్క కట్టినారు."

వలి ఊరు చూసి పద్నాలుగేళ్లు.

"పడగొట్టినారా?" అన్నాడు, ఎవరో దగ్గరివాళ్లు పోయినట్టు. "మరి దాని ముందర బజ్జీల కొట్టో?"

"అన్నా, తొమ్మిదీ యాబై!"

"ఉందా లేదా చెప్పు ముందు."

"లేదు!"

"యా అల్లా," అని వలి ఫోన్ పెట్టేశాడు.

ఓబులేసు వెనక్కి తిరిగి అర్దియా చేరేసరికి పదకొండు. అక్కడ మూడిళ్లకొక నీలం గేటు. ఆరో గేటు తట్టాక, పనివాళ్లంతా మామా అని పిలిచే ఇంటావిడ వచ్చింది.

"వెంకటేశ్వరి, మామా?"

"ఖలాస్," అని ఆవిడ అరచేతిని విమానంలా పైకి లేపి చూపింది.

విమానాశ్రయానికి మాత్రం ఓబులేసు ఒక్క మలుపు కూడా తప్పకుండా వెళ్లాడు. ఆ దారి ఎవరూ చెప్పలేదు గనక. కానీ అప్పటికే వెంకటేశ్వరి తనిఖీ దాటి లోపలికి వెళ్లిపోయింది.

అంకాలమ్మకు ఫోన్ చేస్తే, "నా పేరున రాయించింటే ఈపాటికి అయిపోయుండు," అంది. ఇంకా రెండ్రోజులుంది గానీ, ఆమె పేరున మాత్రం వద్దన్నాడు ఓబులేసు.

వలిని నిలదీస్తే, "తప్పు నాదా? అడక్కుండా హాలు పడగొట్టినోనిది," అన్నాడు.

సోమవారం సాయంత్రానికి స్థలం వేరేవాళ్ల పేరున ఎక్కింది. తారు రోడ్డు పక్క, తూర్పు ముఖం, మూల బిట్టు, అయిదుంబావు సెంట్లు.