చెప్పులు తొడుక్కునేంత సేపు

ఇరవై రెండేళ్ళ కిందట ఆపరేషన్‌లో అక్క గొంతు పోయింది. ఇప్పుడు ఆపరేటింగ్ సిస్టంతో పాటు రెండోసారి పోయేలా ఉంది.

మొదటిసారి పోయినప్పుడు తమ్ముడు ఊరుకోలేదు. అప్పుడతను ప్రోగ్రాములు రాయడం కొత్తగా నేర్చినవాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నాలుగు నెలలు కూర్చుని, అక్క కీబోర్డు మీద కొట్టిన మాటల్ని పైకి పలికే ప్రోగ్రాం రాసిపెట్టాడు. ఆ గొంతు రేకు డబ్బాలో గులకరాళ్ళు దొర్లినట్టుండేది. అయితేనేం, మొదటి రోజే అక్క ఆ డబ్బా గొంతుతో, "ఒరేయ్ కోడిగా, కాఫీలో పంచదార మర్చిపోయావు" అంది. కోడ్ రాసేవాడు గనుక కోడిగాడు. జుట్టు నెరిసినా అక్క దృష్టిలో ఆ కోడికి ఇంకా ఈకలు మొలవలేదు.

ఆ పాత కంప్యూటరు మొన్న మంగళవారం కాస్త పొగ వదిలి, ఆ వెంటనే ప్రాణం వదిలింది. దాని విడిభాగాలు ఇప్పుడెవరూ తయారుచెయ్యరు. ఇక పాత కోడును కొత్త కంప్యూటరు మీదికి, కొత్త సిస్టంలోకి, కొత్త కంపైలర్ చేతికి తేవాల్సిందే. కంపైలర్ అంటే మనం రాసిందాన్ని మిషనుకు అర్థమయ్యేలా మార్చి చెప్పే దుబాసీ. పాత దుబాసీకి తెలివి తక్కువ, మర్యాద ఎక్కువ. ఏది రాస్తే అది చెప్పేవాడు. కొత్తవాడు మహా తెలివైనవాడు. తెలివైనవాళ్ళతో వచ్చే తంటాలన్నీ వాడితోనూ ఉన్నాయి.

"ఇంత అవస్థ ఎందుకక్కా? కొత్తదాంట్లో పట్టులాంటి ఆడగొంతులు పది రెడీగా ఉన్నాయి. ఒకటి ఎంచుకో" అన్నాడు తమ్ముడు.

మంగళవారం నుంచి అక్క మాటలన్నీ పలక మీదే. "వద్దు. మీ బావ రెండో పెళ్ళి చేసుకున్నట్టుంటుంది" అని రాసింది.

తమ్ముడు సెలవు పెట్టి అక్కావాళ్ళ భోజనాల బల్ల దగ్గర బైఠాయించాడు. మొదటిసారి కంపైల్ చేస్తే నాలుగు వందల పదమూడు తప్పులు తేలాయి. కంపైలర్ కాదిది, కంప. ఎటు చెయ్యిపెట్టినా ముల్లే. ఎదుటి కుర్చీలో బావ పేపరు చదువుతున్నాడు. బావ బస్సు డ్రైవరు, కానీ ఇంట్లో మాత్రం డిపోలో పెట్టిన బస్సు. కదలడు, మెదలడు. వంటింట్లో కుళాయి టప్పుటప్పుమంటూనే ఉంది. బాగుచెయ్యమని అక్క రెండు నెలలుగా మొత్తుకుంటోంది. "నీ డబ్బా సరిగ్గా పలకలేదు, నాకు వినపడలేదు" అని బావ. దున్నపోతు మీద వాన కురిస్తే అది తోకైనా ఆడిస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నానికి తప్పులు సున్నాకి వచ్చాయి. అక్క చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. చుక్క కొడితే ప్రోగ్రాం కాస్త ఆగాలి. రెండు కొడితే ఇంకాస్త, మూడైతే మరీ ఎక్కువ. అక్క హాస్యమంతా ఆ చుక్కల్లోనే ఉంటుంది. తనకిష్టమైన పాత జోకు కొట్టింది: "మీ బావకి చెవులున్నాయి.. కళ్ళజోడు తగిలించుకోడానికి."

అదే డబ్బా గొంతు, అవే గులకరాళ్ళు. కానీ వాక్యమంతా రైలు తప్పిపోతున్నవాడిలా ఒకే పరుగున వెళ్ళిపోయింది. ఎవరికీ నవ్వు రాలేదు. అక్క ఇంకోటి కొట్టింది. అదీ పరుగే. అక్క కీబోర్డును మెల్లగా పక్కకి జరిపి పలక తీసుకుంది.

"మాటలు నావే. మనిషి మాత్రం నేను కాదు."

ఆ రెండు ముక్కలు చదివాక తమ్ముడు కాఫీ పక్కన పెట్టేశాడు. కోడంతా గాలించాడు. లోపం లూపులో దొరికింది. చుక్క వచ్చిన చోట అతనే రాసిన ఖాళీ లూపది: ఒకటి నుంచి ఇరవై కోట్ల దాకా లెక్కపెట్టు, ఇంకేమీ చెయ్యకు. ఆ లెక్కపెట్టేంత సేపే అక్క ఆగేది. కొత్త దుబాసీ చూశాడు. ఎవడీ పనీపాటా లేనివాడు, ఊరికే కూర్చుని అంకెలు లెక్కపెట్టుకుంటున్నాడు? తీసి అవతల పారేశాడు.

"ఇంతసేపు నిజంగా ఆగు" అని కొత్త సిస్టంకి చెప్పడం ఒక్క వరుస పని. కానీ ఎంతసేపు? పాత పెట్టె ఇరవై కోట్లు ఎంతసేపట్లో లెక్కపెట్టేదో చెప్పడానికి ఆ పెట్టే లేదు. మధ్యలో ఒకసారి రిపేరులో దాని లోపలి భాగాలు మార్చారు. ఏం మార్చారో ఎవరికీ గుర్తులేదు. పోనీ అక్క గొంతు ఎక్కడైనా రికార్డయి ఉందా అంటే, రోజూ వినే గొంతును ఎవరు దాచుకుంటారు?

అర సెకను పెట్టాడు. అక్క తల అడ్డంగా ఊపింది. సెకనున్నర పెట్టాడు. మళ్ళీ ఊపింది.

"మరి ఎంతో నువ్వే చెప్పక్కా!"

"నేను మాట్లాడేదాన్ని. వినేదాన్ని కాదు" అని రాసింది అక్క. సుద్దముక్క పుటుక్కున విరిగింది.

"రెండు చుక్కలకి అంతసేపు ఆగదు" అంది పేపరు.

తమ్ముడు తలెత్తాడు. "ఏంటి బావా?"

"ఎక్కువైపోయిందంటున్నా. చూడు." బావ పేపరు దించి, చెంచా తీసుకుని, పెదాలు కదుపుతూ లోపల్లోపలే జోకు చెప్పుకున్నాడు. 'చెవులున్నాయి' దగ్గర బల్ల మీద ఒకసారి టక్కుమనిపించి, ఆగి, ఇంకోసారి టక్కుమనిపించాడు. "ఇంత. నన్ను తిట్టబోయే ముందు ఇంతే."

తమ్ముడు ఫోనులో సెకన్లు కొలిచాడు. ఒకటీ పావు. మళ్ళీ కొట్టించాడు. ఒకటీ పావే.

"ఒక్క చుక్కకో?"

"దాంట్లో సగం. అది కూరలో ఉప్పెక్కువైందా అని అడిగేటప్పుడు."

"మరి మూడు?"

బావ చెంచా కింద పెట్టాడు. "అది కూర్చుని చెబితే కుదరదు బామ్మర్దీ." లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. "పొద్దున ఐదున్నరకి నేను డ్యూటీకి బయల్దేరతాను గదా. 'వెళ్ళొస్తారా' అంటుంది. నేను వంగి చెప్పులు తొడుక్కుంటాను. తలెత్తుతాను. అప్పుడు 'జాగ్రత్త' అంటుంది. నేను తలెత్తకముందు ఒక్కనాడూ అనలేదు. కొలుచుకో."

వంగాడు. కుడి చెప్పు, ఎడమ చెప్పు. తలెత్తాడు. మూడున్నర సెకన్లు. చెప్పులు విప్పి మళ్ళీ తొడిగాడు. మూడున్నర. మూడోసారి పట్టీ మెలిపడి నాలుగు దాటింది. "అది లెక్కలోకి రాదు" అన్నాడు బావ, పరీక్షలో రాసింది కొట్టేసి మళ్ళీ రాసే పిల్లాడిలా.

అక్క చెప్పేది బావ చెప్పుల్లో దొరికిందని తమ్ముడు ఒక జోకెయ్యబోయాడు. మళ్ళీ మానుకున్నాడు. తలొంచుకుని మూడు అంకెలూ కోడులో ఎక్కించాడు.

అక్క చేతిలో పలక అలాగే ఉంది. దాన్ని బోర్లించి, కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"వెళ్ళొస్తారా..."

బావ చెప్పుల్లోనే గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అలవాటు కొద్దీ వంగాడు. తలెత్తాడు.

"జాగ్రత్త" అంది డబ్బా గొంతు.

బావ తమ్ముడి వైపు తిరిగి, చూశావా అన్నట్టు కళ్ళెగరేశాడు. ఆయన ముఖం అప్పుడే మెడల్ తగిలించుకున్నవాడిలా ఉంది. అక్క కళ్ళు తుడుచుకుని, మళ్ళీ కీల మీద వేళ్ళు పెట్టింది.

"అయితే ఇన్నేళ్ళూ అన్నీ వింటూనే ఉన్నారన్నమాట.."

సరిగ్గా ఒకటీ పావు సెకను.

"కుళాయి సంగతి కూడా."

తమ్ముడు పకపకా నవ్వాడు. అక్క నవ్వుకి చప్పుడుండదు, భుజాలు మాత్రం ఊగిపోతాయి. ఊగిపోతున్నాయి.

"ఏమన్నావు? సరిగ్గా వినపడలేదు!" అని అరిచాడు బావ, అప్పటికే వంటింట్లో గట్టు కింద దూరి పానా వెతుక్కుంటూ.