వల మీద కుట్టు

ముసలావిడ గొంతులోంచి చిరిగి బయటికొచ్చిన వల మీద మా ఇంటి దారంతో వేసిన కుట్టు కనిపించింది.

చర్చికి కట్టుకునే చీరకు ఫాల్ కుట్టుకోవాలని బెంగళూరు బళేపేట బజారంతా తిరిగి తెచ్చుకున్న చందనం రంగు దారం. పొరపడే వీల్లేదు. ఆవిడ మింగేసిన కట్టుడు పళ్ళను, ఎండోస్కోపీ గొట్టంలోంచి ఆ చిన్న వల పంపి పట్టుకున్నాం. పైకి లాగుతుంటే గొంతు దగ్గర కుట్టు విడిపోయింది. పళ్ళు జారి ఊపిరికి అడ్డం పడ్డాయి. ఇప్పుడావిడ ఐసీయూలో ఉంది.

"వాడే ముందు వల తెరిచి చూసింది మీరే కదా, సిస్టర్?" అంటూ డాక్టర్ సుధీర్ నా చేతిలో ఫారం పెట్టారు. 'నర్సు అజాగ్రత్త' అని ముందే రాసి ఉంది. నా సంతకమే తక్కువ.

చూశాను, నిజమే. తెల్లటి వలలో ఆ రంగు కలిసిపోయి కుట్టు కంటబడలేదు. అసలు తప్పు అంతకుముందుది. ఒకసారి వాడిన వలను మళ్ళీ ఎవరూ వాడకుండా కత్తిరించి పారేయాలి. నేనూ అలాగే చేసేదాన్ని. రెండు నెలల క్రితం ఎబినేజర్, "కత్తిరించకు, కడిగి నాకివ్వు. కంపెనీవాళ్ళు వెనక్కి తీసుకుంటారు" అన్నాడు. ఈ యలహంక ఆసుపత్రి స్టోరు చూసేది అతనే. నా భర్త. నమ్మానని చెప్పను, అడిగితే గొడవని ఊరుకున్నాను. డ్యూటీ దిగాక సింకు దగ్గర నిలబడి బ్రష్షుతో తోమేదాన్ని. ఆలస్యమైతే "ఎవరితో కబుర్లు?" అనేవాడు ఆ మనిషే. "మావాడికి వేడన్నం కూడా లేదంట" అని అత్తగారు ఫోన్లో. పదకొండేళ్ళ కాపురంలో నోరు మూసుకోవడాన్ని నేను సర్దుకుపోవడం అనుకున్నాను. దాని ఖరీదు ఇంకెవరో ఊపిరితో కడుతున్నారు.

ఆయా అనసూయ పరిగెత్తుకొచ్చింది. "ముసలామె ప్రాణంతోనే ఉండాదక్కా, కన్నే తెరవలేదు. నువ్వు సైన్ చేయొద్దు. చేసినావో, అంతా నీ తలమీదే!"

మేట్రన్ శశికళగారికి వల చూపించి, వెంట రమ్మన్నాను. ఆవిడ మాటలు వినబడేలా స్టోరు తలుపవతల ఆగింది. నేను లోపలికెళ్ళాను.

"ఎన్ని కుట్టారు?"

"ఏంటే, పిచ్చా? సైన్ చేసి సారీ చెప్పు, అయిపోద్ది."

"ర్యాకులో మిగిలింది రేపు ఇంకొకరి గొంతులోకి పోతుంది. ఎన్నో చెప్పేదాకా ఇక్కణ్ణుంచి కదలను. సంతకం కూడా పెట్టను."

అతనితో ఇలా మాట్లాడటం ఇదే మొదటిసారి.

ఎబినేజర్ కుర్చీలో కూలబడ్డాడు. పై అర వైపు చెయ్యి చూపించాడు.

"మూడు. మిగిలిన రెండూ అక్కడున్నాయి. కొత్తవాటికి ఆర్డర్ పెట్టడం మర్చిపోయా, కిరణ్మయీ. స్టాక్ లేదంటే అందరి ముందూ నన్ను తిడతారు. నువ్వు ఆదివారం చర్చికెళ్ళినప్పుడు, కడిగిచ్చినవాటిలో చిరిగినవి నేనే కుట్టా. ఏదన్నా అయితే నీ మీదికొస్తదని తెలుసు. నీకైతే మాటలు పడటం అలవాటే కదా అనుకున్నా."